తన కూలి తానే తీసుకున్న మనిషి

మేస్త్రి మామ పోయాడని మొన్న మంగళవారం గుడియాత్తం నుంచి కబురొచ్చింది. ఆయన మా అమ్మ తమ్ముడు. నిజం చెప్పాలంటే ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్లుగా తేలని మా తగాదాను అలాగే వదిలేసి వెళ్లిపోయాడు.

అప్పట్లో నేను వేలూరులో ఒక ఆడిటరు దగ్గర పనిచేసేదాన్ని. దేశంలోకి కొత్త కంపెనీలు, కొత్త కార్లు వస్తున్నాయని పేపర్ల నిండా రాసేవాళ్లు. కాట్పాడి చుట్టూ ఇళ్లు లేస్తున్నాయి. మామకు మాత్రం ఒక్క కాంక్రీటు కలిపే మిషను కావాలి. అద్దె మిషను కోసం కాచుకుని కాచుకుని విసిగిపోయాడు. బ్యాంకువాళ్లు అప్పిస్తామన్నారు, ఆదాయపు పన్ను రిటర్ను తెమ్మన్నారు. నేనున్నాను కదా, ఎంతసేపు అనుకున్నాను.

మామ తన కూలి లెక్కల నోటుబుక్కు పట్టుకొచ్చాడు. మాట తెలుగు, రాత తమిళం, మా వైపు చాలామందిలాగే. ప్రతి శనివారం పనివాళ్ల పేర్లన్నీ అయ్యాక చివర ఆయన పేరు, దానికెదురుగా ఒక తాపీ పనివాడి కూలి, పక్కన ముట్టినట్టు సంతకం. మేస్త్రి అయినా రోజూ తాపీ పట్టేవాడు. గోడెక్కిన రోజుకు తనకూ కూలి. అందరికీ పంచాక మిగిలిందే ఆయన దృష్టిలో లాభం.

ఫారంలో అది కుదరదు. సొంత పని చేసుకునేవాడు తనకు తాను జీతం ఇచ్చుకోలేడు. ఆ కూలిని కూడా లాభంలో కలిపే చూపాలి. అదే చెప్పాను. జీతం గడిలో రాయమన్నాడు. అక్కడ జీతమిచ్చిన యజమాని పేరు రాయాలి మామా అన్నాను.

"నా పేరే రాయమ్మా. ఇచ్చినోడు నేనే, తీసుకున్నోడు నేనే."

ఆడిటరు పగలబడి నవ్వాడు. మామ నవ్వలేదు. పన్ను ఎగ్గొట్టడానికైతే నాకు అర్థమయ్యేది. అదీ కాదు.

"రొండింటికీ పన్ను కడతా. యెండలో గోడ మింద నిలబడింది లాభమని మాత్రం నేను సంతకం పెట్టను."

మొత్తం మారదు, పన్నూ మారదు, గడి ఒక్కటే మారుతుందని బతిమాలాను. రెండుసార్లు గుడియాత్తం బస్సెక్కాను. అత్త కూడా ఆయన్ని తిట్టిపోసింది. ఆయన నాకు ఇడ్లీ తెప్పించి, నా చెప్పులకంటిన సిమెంటును తడిగుడ్డతో తుడిచి పంపేశాడు. గడువు దాటింది, అప్పు రాలేదు. ఆ తర్వాత ఏ పని దగ్గర మనుషులు పారలతో సిమెంటు కలుపుతూ కనిపించినా నాకు ఒళ్లు మండేది. ఒక్క గడి కోసం మిషను పోగొట్టుకున్న మొండివాడు.

అలాగని గట్టిగా తిట్టనూ లేను. నాకు ఆ ఆఫీసు ఉద్యోగం రావడానికి టైపు నేర్పించింది ఆయనే. ఫీజు చేతిలో పెట్టి, "ఇది నా కూలి దుడ్డమ్మా, బాగా నేర్చుకో" అన్నాడు. ఆ మాట నాకు ఆనాడు చెవికెక్కలేదు.

చావుకు వెళ్లినప్పుడు ఆయన కొడుకు ఒక కూలి నోటుబుక్కు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. "వదినా, నీకిమ్మని చెప్పినాడు నాయన."

అది ఆయన పనిచేసిన చివరి ఏడాది నోటు. మోకాళ్లు పోయి గోడెక్కలేక, కింద కుర్చీ వేసుకుని పని చేయించిన ఏడాది. ఆ ఏడాదీ లాభం వచ్చింది, తీసుకున్నాడు. పేర్ల చివర ఎప్పటిలాగే ఆయన పేరుంది. ఎదురుగా సున్నా. పేజీ తిప్పాను. మళ్లీ శనివారం, మళ్లీ సున్నా. ప్రతి సున్నా పక్కనా, ముట్టినట్టు, ఆయన సంతకం.