అప్పలస్వామి తోమిన రివాల్వరు

పదేళ్ళ కిందట, ఎండలు ముదురుతున్న రోజుల్లో, కలకత్తాకు పడమరనున్న ఒక రైల్వే ఊళ్ళో, ఇందా అనే పేటలో, లైసెన్సు ఉన్న ఒక తుపాకుల దుకాణంవాళ్ళు పాత ఆయుధాలకు ధర కట్టే పనికి నన్ను పెట్టుకున్నారు. అంతకు ముందు నేను ఒక సాయుధ దళంలో ఆర్మరర్‌ని, అంటే తుపాకులు బాగుచేసే మిస్త్రీని. దుకాణంలో నా హోదా చీఫ్ వాల్యువర్. నా పైనా కిందా ఎవరూ లేరు కనుక ఆ హోదా నాకు నేనే ఇచ్చుకున్నాను. వేల రివాల్వర్లకు ధర కట్టాను. సరే, వందలు. అందులో రిమ్‌ఫైర్ రకం చేతివేళ్ళకు మించవు.

మామూలు తూటాను పేల్చే మందు దాని అడుగున నడిమధ్య ఉంటుంది. రిమ్‌ఫైర్ తూటాకు అడుగు అంచు చుట్టూ ఉంటుంది. ఆ పాత రివాల్వర్లకు సరిపోయే పెద్ద తూటాలు ఇప్పుడు బజారులో దొరకవు. అందుకే వాటిని కాల్చడానికి ఎవరూ కొనరు, దాచుకోవడానికి కొంటారు. తూటాలు పట్టే సిలిండరు బిగువుగా ఆగుతోందా, భాగాలన్నిటి మీదా ఒకే నంబరు ఉందా అని చూస్తారు. అన్నిటికన్నా ముందు, ఫ్యాక్టరీలో వేసిన పూత ఎంత మిగిలిందో చూస్తారు. వయసుతో గోధుమరంగుకు తిరిగిన ఉక్కుకే విలువ.

అలాంటిదొకటి అప్పలస్వామి దగ్గర ఉండేది. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరై, భార్య పోయాక అదే ఊళ్ళో నిమ్‌పురా పేటలో ఒక్కడే ఉండేవాడు. తండ్రి నుంచి వచ్చిన ఆ రివాల్వరును, తన పేర మార్పించుకున్న లైసెన్సును ప్రతి గురువారం పెట్టెలో పెట్టుకుని తెచ్చేవాడు.

“ఈ వారం ఏటి ధర, బావా?”

పాత రివాల్వరు ధర బంగాళాదుంపల ధరలా వారానికోసారి మారదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. సుభాష్‌పల్లి పేటలో నా గదిలో తెలుగు మాట్లాడటానికి గోడలు తప్ప ఎవరూ లేరు. కాబట్టి భూతద్దం పెట్టి అవసరానికి మించి చూసేవాణ్ణి.

“నువ్వు దాన్ని సూసినట్టు మా డాక్టరు నన్ను సూడ్డు బావా!” అనేవాడు.

వానలకు ముందు ఒక గురువారం, ఇంటికప్పు కారుతోందనీ, మళ్ళీ వానలు పడేలోగా రేకులు మార్పించాలనీ, రివాల్వరు అమ్మేస్తాననీ చెప్పాడు. కలకత్తాలో లైసెన్సు ఉన్న ఒక పాత ఆయుధాల సేకర్తకు కబురు పెట్టాను. ఆయన వచ్చే రోజున అప్పలస్వామి ముందుగానే వచ్చి పెట్టె తెరిచాడు. రివాల్వరు కొత్త స్టీలు గ్లాసులా మెరుస్తోంది. గోధుమరంగు లేదు, పూత లేదు, గొట్టం మీది అక్షరాలు సగం అరిగిపోయాయి.

“ఏటి సేసినావురా?”

“పెద్దాఫీసరు ఇన్‌స్పెక్షన్‌కొస్తే బోగీ కడగమా? ఈ బాబు కలకత్తా నుంచొస్తన్నాడు గదా. వారమంతా కూకుని తోమినాను బావా.”

వర్క్‌షాపు మనిషికి అంతకు మించిన మర్యాద తెలియదు.

సేకర్త వచ్చి, తిప్పి చూసి, ధర ఎంత దాదా అని బెంగాలీలో అడిగాడు. నేను ప్రతి వారం చెప్పే పాత ధరే చెప్పాను. అంతటితో ఆగలేదు, తూర్పు భారతంలో ఇలాంటిది రెండోది లేదన్నాను. ఆ ధరకు ఆయన లేచిపోతాడని నాకు తెలుసు. లేచిపోతే పెట్టె నిమ్‌పురా తిరిగి వెళ్తుంది, గురువారం మళ్ళీ ఇక్కడికి వస్తుంది. ఆయన నవ్వి, సంచీ భుజాన వేసుకున్నాడు.

“ఆయన లేస్తన్నాడేటి బావా? వానలొచ్చెస్తన్నాయి గదా,” అన్నాడు అప్పలస్వామి, గొంతు తగ్గించి.

నేను సేకర్తను కూర్చోమన్నాను. ఇప్పుడు చెప్పింది పాత ధర అనీ, మెరుగు పెట్టాక పూత పోయిందనీ, నంబర్లు మాత్రం కలిశాయనీ, సిలిండరు బిగువుగా ఉందనీ, పాత ధరలో మూడో వంతే న్యాయమైన ధర అనీ చెప్పాను. ఆయన బేరమాడకుండా ఒప్పుకున్నాడు. అదే సంగతి అప్పలస్వామికి తెలుగులో చెప్పాను. తన చేతులకేసి చూసుకున్నాడు.

“అంటే తోమితోమి డబ్బులే అరగదీసినానన్నమాట. పోనీ, కప్పుకి సరిపోద్దా?”

“సరిపోద్ది.”

“అయితే ఇచ్చీ.”

జిల్లా మేజిస్ట్రేటు ఆఫీసు అనుమతి వచ్చాక రివాల్వరు చేతులు మారింది. తరువాతి గురువారం అలవాటు కొద్దీ రెండు టీలు చెప్పి, ఒకటి వెనక్కి పంపేశాను. లేదు, రెండూ నేనే తాగాను. నిమ్‌పురా దూరమేమీ కాదు. కానీ వెళ్ళడానికి నాకూ ఒక పని దొరకలేదు.

ధర కట్టేవాడు సరుకును మాత్రమే చూడాలి, అమ్మేవాడి రాకపోకలను అందులో కలపకూడదు. ధర న్యాయంగా కడితే అమ్మినవాడికి మళ్ళీ దుకాణానికి వచ్చే పని ఉండదు.