ఒక్క సీడీలో అయిదు క్యాసెట్లు

ఆ రోజుల్లో, అంటే బెంగళూరులో వీధికొక కంప్యూటర్ క్లాసు వెలిసిన రోజుల్లో, దేన్నయినా చిన్నది చేయగలిగినవాడే తెలివైనవాడని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. ఆరు నెలల కోర్సు పూర్తిచేసి, ఇంట్లో పోరి కంప్యూటర్ తెప్పించుకుని, మొదట మా వీడియో క్యాసెట్ల మీద పడ్డాను. బీరువాలో అయిదు ఉండేవి. రెండు అక్క పెళ్లివి, మిగతావి గృహప్రవేశం, నామకరణాలు. అన్నిటినీ ఒకే ఒక్క సీడీలోకి ఎక్కిస్తానని ప్రకటించాను. (అయిదింటికి అయిదు సీడీలు వాడితే ఇక నా గొప్పేముంది?) మా నాయన దొడ్డబళ్ళాపురం నుంచి పట్టుచీరలు తెచ్చి అమ్మేవాడు. "అంతంత పెద్దవి ఈ బిళ్ళలో ఎట్ల పడతాయప్పా?" అన్నాడు. "నువ్వు అంత చీరని మడిచి చిన్న డబ్బాలో పెట్టవా నాయనా? అట్లే" అన్నాను. "మళ్ళ విప్పితే ఎట్లుండేది అట్లే ఉంటాదా?" "అట్లే ఉంటాది." ఆ పాఠం చెప్పిన రోజు నేను క్లాసు ఎగ్గొట్టి క్రికెట్ ఆడానని ఆయనకు చెప్పలేదు.

తెర మీద నాణ్యత తగ్గించే మీట ఒకటి ఉండేది. కొంచెం ఎడమకు జరిపాను, పట్టలేదు. ఇంకా జరిపాను. చివరికంటా జరిపాక అన్నీ పట్టాయి. అగ్గిపెట్టెంత కిటికీలో ఆడించి చూస్తే అందరూ చక్కగానే కనిపించారు. ఇక క్యాసెట్లెందుకని లోపలి టేపంతా లాగి, మిద్దె మీద అమ్మ ఎండబెట్టే సండిగల, అంటే వడియాల చుట్టూ తోరణంలా కట్టాను. ఎండకు తళతళలాడుతూ అది గాలికి కొట్టుకుంటుంటే కాకులు దగ్గరికి రాలేదు. అమ్మ మెచ్చుకుంది. అప్పటిదాకా కర్ర పట్టుకుని ఆ కాకుల్ని తోలింది మా అవ్వ, నాయనకు తల్లి.

మరుసటి ఏడు అవ్వ పోయింది. ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని, కెమెరా కనబడితే లేచిపోయే మనిషి. అక్క పెళ్లిలో మాత్రం వీడియో తీస్తున్నారని తెలియక, నలుగు పెడుతూ పాట పాడింది. కర్మలన్నీ అయ్యాక నాయన నా పక్కన కూర్చుని, "మాయమ్మ పాట ఒకతూరి పెట్టప్పా, చూస్తా" అన్నాడు. పెట్టాను. "కండ్లకు ఆనడం లేదు, పెద్దది చెయ్యి" అన్నాడు. తెర నిండా చేశాను. పెళ్లిపందిరంతా గళ్ళ దుప్పటిలా అయిపోయింది. పాట బిందెలోంచి వచ్చినట్టు వచ్చింది.

"మాయమ్మ ఏడుండాది?"

"ఆ పచ్చ గడి పక్కన నాయనా..."

ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. తెరను వేలితో తడిమి, మెల్లగా, "మడిచింది నువ్వే కదప్పా, విప్పు" అన్నాడు. మిద్దె మీదికి పరుగెత్తాను. ఎండకు పెళుసెక్కిన టేపు చెయ్యి తగలగానే తునిగిపోయింది. ఏ ముక్కలో అవ్వ ఉందో కూడా నాకు తెలియదు. అక్కడే కూర్చుని ఏడ్చాను.

నలభై దాటాక ఇప్పుడు నేను ఏ వీడియోనీ చిన్నది చేయను. ఫోనులో చోటు లేదని మా ఆవిడ ఎంత గోలపెట్టినా, కుక్కరు బాగుచేసే విధానం చూపించిన వీడియో కూడా తీసెయ్యను. ఇంటిల్లిపాదీ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఆ సీడీని మాత్రం ఏటా అవ్వ తిథినాడు అగ్గిపెట్టెంత కిటికీలో ఆడిస్తాను. అంత చిన్నగా చూస్తే అవ్వ బాగానే ఉంటుంది. నాయన కళ్ళజోడు తుడుచుకుని కుర్చీ ముందుకు లాక్కుంటాడు. పెద్దది చెయ్యమని మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.