పరదా వెనక ఏనుగులు

పాత పాలమూరు గల్లీల్లో ఆ రోజుల్లో ఏ ఇంట్లో పెళ్లయిందో ఎవరినీ అడగనక్కర్లేదు, గోడ చూస్తే చాలు. గుమ్మానికి రెండు పక్కలా రెండు ఏనుగులు, ఏనుగుల వెనక పల్లకీ, పల్లకీ వెనక బాజాలవాళ్లు, హారతి పళ్లేలు పట్టుకున్న ముత్తయిదువలు, పైన అరటి గెలలు, చిలకలు. పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే పనీపాటా లేనివాళ్లంతా సాయంత్రం పూట గల్లీ గల్లీ తిరిగి గోడలు చూసి వచ్చేవాళ్లు. ఏ ఇంటి ఏనుగు బాగుందని హోటల్లో చాయ్ తాగుతూ కొట్లాడుకునేవాళ్లు కూడా. ఎంత కొట్లాడుకున్నా చివరికి అందరూ ఒక్క మాట మీదికే వచ్చేవాళ్లు. ఏనుగంటే గాలయ్య ఏనుగే!

శుద్ధ అబద్ధం. గాలయ్యకు ఏనుగు రాదు. వాడు గీసిన ఏనుగుకు తొండం చెరిపేస్తే బర్రె, తొండం ఉంచితే ఏదో రోగమొచ్చిన బర్రె. ఈ సంగతి వాడికి తెలుసు, వాడి పెండ్లాం అండాలుకు తెలుసు, వాడి అక్క నర్సింగమ్మకు తెలుసు. ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. గీసేది నర్సింగమ్మ.

వాళ్లది మక్తల్ పక్కన పల్లె. కురుమలు. ఒక మంద ఇంకో మందలో కలిసిపోకుండా గొర్రెల వీపు మీద జాజు, అదే ఎర్రమన్ను, కలిపి గుర్తు పెట్టేవాళ్లు. ఇంటింటి పిల్లలూ ఓ చుక్కో గీతో పెట్టి వదిలేస్తే, నర్సింగమ్మ గొర్రె వీపు మీద ఏకంగా నెమలిని దింపేది. "గొర్రెకు నెమలెందుకే తిక్కదానా!" అని తండ్రి కసురుకునేవాడు గానీ చెరపమనేవాడు కాదు. పెళ్లయి అత్తగారింటికి పోయాక అక్కడి గోడలు కూడా జాజుతో నింపేసింది. ఆ ముచ్చట ఎన్నాళ్లో సాగలేదు. మొగుడు జ్వరమొచ్చి పోయాడు. పిల్లాజెల్లా లేరు. బొట్టు తుడిచి, గాజులు పగలగొట్టి, ఆమెను తమ్ముడి దగ్గరికి సాగనంపారు.

అప్పటికే గాలయ్య పాలమూరులో ఇళ్లకు సున్నం వేసుకుంటూ బతుకుతున్నాడు. సున్నం మాత్రం బాగా వేస్తాడు, అందులో వంక పెట్టడానికి లేదు. పెళ్లిళ్లవాళ్లు సున్నంతో పాటు బొమ్మలు కూడా వెయ్యమంటే కాదనలేక వేసి, నవ్వులపాలయ్యేవాడు. ఒకసారి అక్కను రంగులు కలపడానికి వెంట తీసుకుపోయాడు. తమ్ముడి ఏనుగును చూసి ఆమె కాసేపు ఓర్చుకుంది. ఆఖరికి ఓర్చుకోలేక, చుట్టూ ఎవరూ లేకుండా చూసి, వాడి చేతిలో కుంచె లాక్కుని నాలుగు గీతలు గీసింది. ఏనుగు తల ఊపుకుంటూ గోడ మీదికి వచ్చి నిలబడింది. గాలయ్య నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు.

చూశాడు సరే, ఎలా చెప్పుకోవడం? మొగుడు పోయిన ఆడది ఎదురొస్తేనే పెళ్లివారు ఇంట్లోకి తిరిగిపోయి, కాసిని నీళ్లు తాగి మళ్లీ బయల్దేరే కాలం. అలాంటి ఆడది పెళ్లిగోడ ముట్టిందంటే ఊరుకుంటారా? అందుకని గాలయ్య ఒక ఆచారం పుట్టించాడు. పాత గోనెసంచులు కుట్టి పరదా చేసి గోడకు అడ్డంగా కట్టాడు. "బొమ్మకు కండ్లు పెట్టేదాక మనిషి సూపు తగలొద్దు. తగిలితే దిష్టి" అని అందరికీ చెప్పాడు. జనం నమ్మారు. నమ్మడమేమిటి, అదేదో తాతల నాటి నియమం అన్నట్లు ఒకరికొకరు చెప్పుకున్నారు. పరదా వెనక రంగులు కలిపే ఆడమనిషి ఉంటే ఎవరికేం పట్టింది? బయట అరుగు మీద గాలయ్య బీడీ కాలుస్తూ కాపలా. అంతా అయ్యాక లోపలికి పోయి ఏనుగుకు రెండు చుక్కలు కండ్లు పెట్టి వచ్చేవాడు. ఎవరన్నా అడిగితే నేనే వేశానని చెప్పడానికి ఆ రెండు చుక్కలు అడ్డం పెట్టుకున్నాడు. మూలన ఎవరిచేతనో 'గాలయ్య, పాలమూరు' అని రాయించుకునేవాడు కూడా.

నర్సింగమ్మ ఏనాడూ ఇదేమిటని అడగలేదు. "ఎవలు గీస్తేంది తమ్మీ, గోడ మీదున్నది గద" అనేది. నీళ్లకు పోయే వంకతో మాత్రం తను గీసిన గల్లీల్లోంచి చుట్టు తిరిగి వచ్చేది. ఎవరన్నా గోడ ముందు నిలబడి మెచ్చుకుంటుంటే బిందె దించి, చుట్టకుదురు సర్దుకుంటున్నట్లు నిలబడి ఆ మాటలన్నీ విని మరీ కదిలేది.

అలా కొన్నేళ్లు హాయిగా నడిచింది. ఇంతలో బట్టల దుకాణం భిక్షమయ్య బిడ్డ పెళ్లి వచ్చింది. గల్లీ మొగదల్లోనే ఇల్లు, పొడుగాటి గోడ, వచ్చేపోయేవాళ్లందరి కళ్లూ దాని మీదే. గాలయ్య పరదా కట్టాడు, నర్సింగమ్మ వెనక్కి పోయింది. పొద్దు బాగా ఎక్కాక, ఈ గల్లీలో మనకేం భయంలే అనుకుని వాడు చాయ్‌కి పోయాడు.

తిరిగి వస్తుంటే కనబడింది. భిక్షమయ్య తల్లి భద్రమ్మ పరదా అంచు ఎత్తుకుని బయటికి వస్తోంది. ముసలామె కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, ఎవరన్నా చూస్తారేమో అన్నట్లు గబగబా ఇంట్లోకి పోయింది. గాలయ్యకు ఒకటే తోచింది. చూసేసింది! కొడుకుతో చెప్పడానికే పోయింది! ఇంకేముంది, ఇన్నేళ్లూ బొమ్మలు వేసిన ఇళ్లవాళ్లంతా కర్రలు పట్టుకుని వస్తారు. ఒకామెకు కడుపు నిలవలేదు, ఇంకొకామె మొగుడు తాగుబోతయ్యాడు. అన్నిటికీ నీ అక్క చెయ్యే కారణమంటారు. సరిగ్గా అప్పుడే ఇంట్లోంచి భిక్షమయ్య గొంతు ఉరిమింది. "ఎవడురా గీ పని చేసింది!" ఆయన అరిచింది పందిరి గుంజలు వంకరగా పాతిన కూలీల మీద. ఆ సంగతి గాలయ్యకు తర్వాత తెలిసింది.

ఒక్క ఉదుటున పోయి పరదా పీకేశాడు.

"ఎంత పని చేస్తివే! రంగు కలుపుమంటె గోడ ముడ్తవా? ముండమోపి చెయ్యి పెండ్లిగోడ మీద పెడ్తవా?"

గల్లీ అంతా మూగింది. నర్సింగమ్మ చేతిలో కుంచె అలాగే ఉంది, దాని కొసన ఎర్రరంగు కారుతోంది. తమ్ముడి ముఖం వంక చూసింది. వాడు ఆ చూపు తప్పించుకుని సున్నం బొక్కెన ఎత్తి గోడ మీద కొట్టాడు. ఏనుగులు, పల్లకీ, ముత్తయిదువలు, అన్నీ తెల్లగా అయిపోయేదాకా కొట్టాడు. భిక్షమయ్య బయటికి వస్తే ఆయన కాళ్ల మీద పడ్డాడు. "నాకెరుక లేదు సేటూ! చాయ్ తాగవోయిన, గంతలనే ముట్టింది."

"పోనీలే, నువ్వన్న సూసినవు. లేకుంటె నా బిడ్డ బతుకేమయ్యేది?" అన్నాడాయన. ఆడవాళ్లు నర్సింగమ్మను నోటికొచ్చినట్లు తిట్టారు. ఆమె కుంచె కింద పెట్టి ఇంటికి పోయింది.

సున్నం ఆరాక బొమ్మంతా మళ్లీ గాలయ్యే గీశాడు, అందరి కళ్ల ముందు. ఎలా వచ్చి ఉంటుందో చెప్పాలా? రెండు బర్రెలు పల్లకీ మోశాయి. చూసినవాళ్లు ఏమన్నారో తెలుసా? "పాపం, గాలయ్యకు మనసు ఇరిగింది. గందుకే చెయ్యి ఆడలే" అన్నారు. ఒక్కడన్నా అనుమానించి ఉంటే వాడి మనసు కొంత తేలికపడేదేమో.

తెల్లారి నర్సింగమ్మ మూట కట్టుకుని మక్తల్ బస్సెక్కింది. గాలయ్య మంచం మీద అటు తిరిగి పడుకుని, నిద్రపోతున్నట్లు నటించాడు. నాలుగు రోజులుంటే కోపం తగ్గి తనే వస్తుందని మనసుకు చెప్పుకున్నాడు. అండాలు మాత్రం వాకిట్లో ఊడుస్తూ అందరికీ వినబడేట్లే అంది. "ఊరందరి గోడలకు సున్నం కొట్టినవు గద, జరంత మిగిలితె నీ మొకానికి గూడ కొట్టుకో."

పెళ్లినాడు భిక్షమయ్య అందరి ముందూ గాలయ్యను పిలిచి పంచెల చాపు చేతిలో పెట్టాడు, బిడ్డ పెళ్లి అపశకునం కాకుండా కాపాడినందుకు. వాడు తీసుకున్నాడు. వద్దనబోయి దండం పెట్టేశాడు. వెనక సందులోంచి జారుకుంటుంటే కిటికీలోంచి ఎవరో పిలిచారు. భద్రమ్మ. ముందు వాకిట్లో తలంబ్రాలు జరుగుతుంటే ఆమె ఆ చీకటి అర్రలో ఒక్కతే కూర్చుని ఉంది.

"ఏం మనిషివిరా నువ్వు? నేను ఎవలికన్న చెప్పిన్నా?"

గాలయ్య కిటికీ దగ్గరికి వచ్చాడు.

"పెండ్లినాడు నన్ను ముంగటికి రానియ్యరు. బొమ్మనన్న ముందుగాల సూద్దామని పరదా ఎత్తిన. నీ అక్క గీస్తాంది. ఎంత సక్కగ గీస్తాందో! బిడ్డా, నన్ను గూడ జర పల్లకెనక నిలబెట్టవా, నా మనుమరాలి పెండ్లిల నేను లేకుంటెట్ల అని అడిగిన. ముత్తయిదువల నడుమ నిలబెట్టింది. నిలబెట్టి నాకు బొట్టు వెట్టింది, గాలయ్యా. నేనొద్దన్నా వెట్టింది." ముసలామె నొసలు తడుముకుంది. "ఎన్నేండ్లకో నా నొసట బొట్టు సూసుకున్న. గది సంబురంల ఏడ్సుకుంట లోపలికి వోయిన. నువ్వేమో గా బొట్టు మీద సున్నం కొడ్తివి."

గాలయ్యకు తల తీసేసినట్లయింది. ఎవరూ వేలెత్తి చూపలేదు, ఎవరూ ఒక్క మాటా అనలేదు. తన పిరికితనమే తన అక్కను గల్లీలోకి ఈడ్చింది. ఆ పంచెలు వాడు ఇంటికి తీసుకుపోలేదు. దారిలో ఒక బిచ్చగాడి ఒళ్లో పడేసి, వాడు దీవిస్తుంటే చెవులు మూసుకుని పోయాడు.

ఆ తర్వాత గాలయ్య బొమ్మ జోలికి పోలేదు. చెయ్యి నొప్పి అనేవాడు. సున్నం వేసుకుంటూ, ఎన్నికలొస్తే పార్టీల గుర్తులు అచ్చురేకు పెట్టి అద్దుకుంటూ కాలం వెళ్లదీశాడు. పనికి పోవాలంటే గల్లీల్లోంచే పోవాలి కదా! ఏ మలుపు తిరిగినా అక్క గీసిన ఏనుగు ఎదురయ్యేది, దాని కింద తన పేరు. చూడలేక చుట్టుదారిన పోయేవాడు. వానాకాలం వచ్చి గోడలు వెలిసిపోతుంటే ఒకటి పోయింది, ఇంకొకటి పోయింది అని లోపల కుదుటపడేవాడు. కుదుటపడినందుకు మళ్లీ సిగ్గుపడేవాడు. సిగ్గంటే మాటవరసకు కాదు, అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగని సిగ్గు. ఎన్నిసార్లు మక్తల్ బస్సు దాకా పోయాడో, ఏ ముఖం పెట్టుకుని పోవాలో తెలియక అన్నిసార్లూ వెనక్కి వచ్చాడు.

ఒకనాడు హోటల్లో ఎవరో గాలయ్య ఏనుగుల మాట ఎత్తితే ఉండబట్టలేక అనేశాడు.

"గవి నేను గియ్యలే. ఒక్కటి గూడ గియ్యలే. అన్ని మా అక్క గీసింది."

హోటలంతా గొల్లున నవ్వింది. మిరపకాయల మండీలో పనిచేసే మైసయ్య వాడి భుజం మీద చెయ్యి వేసి, "సూసిన్రా, గొప్పోడంటె గిట్లుండాలె! పెండ్లిగోడ మైల జేసిన అక్కకు గూడ పేరు తేవాల్నని సూస్తుండు!" అన్నాడు. గాలయ్య ఒట్టు పెట్టుకున్నాడు, అరిచాడు, బెంచీ తన్నాడు. అరిచినకొద్దీ వాడి మీద గౌరవం పెరిగింది. సాక్ష్యం చెప్పడానికి భద్రమ్మ లేదు, కిందటేడే పోయింది. అండాలు చెప్తే పెండ్లాం మాట ఎవరు లెక్కచేస్తారు? ఆనాడే వాడు మక్తల్ బస్సెక్కాడు.

నర్సింగమ్మ పల్లెలో తండ్రి పాత ఇంట్లోనే ఉంది, కూలికి పోయి బతుకుతోంది. గోడలన్నీ వట్టి మట్టి గోడలు. గడపకు కూడా జాజు లేదు. తమ్ముణ్ని చూసి కాళ్లకు నీళ్లిచ్చింది, పొయ్యి ముట్టించి జొన్నరొట్టె కొట్టడానికి కూర్చుంది. గాలయ్య చెప్పాల్సిందంతా చెప్పాడు. భద్రమ్మ సంగతి చెప్పినప్పుడు ఆమె చెయ్యి పిండి మీద ఆగింది.

"పొయ్యిందా అవ్వ?" అని కళ్లొత్తుకుంది. "మంచి మనిషి. బొట్టు వెడ్తుంటె నా చెయ్యి పట్టుకున్నది."

"అక్కా, ఒక్కపారి రా. పరదా లేకుంట, అందరి ముంగట ఒక్క ఏనుగు గియ్యి. సూడనీ సిగ్గులేని నా కొడుకులను. నన్ను తిట్టనీ, మొకాన ఉమ్మనీ. అప్పుడుగాని నాకు అన్నం దిగదు."

ఆమె రొట్టె పెనం మీద వేసి, తడి చేత్తో పైన నీళ్లు రాసింది. కోపం లేదు ఆ ముఖంలో. అదే వాణ్ని ఎక్కువ భయపెట్టింది.

"గోడన్నంక సున్నం పడ్తది తమ్మీ, గందుకు నాకు దుఃఖం లేదు. ముండమోపి చెయ్యి అన్నవు సూడు. ఊరోళ్లంటె పడ్డ. నువ్వంటె పడలేకపోయిన." రొట్టె తిప్పింది. "గప్పుడు నీ పేరు కోసం గీసిన. ఇప్పుడు నీ సిగ్గు పోనీకి గియ్యాల్నా?"

వేడి రొట్టె తెచ్చి వాడి ముందు పెట్టింది, పక్కన ఎర్రకారం వేసింది. "తిను, సల్లారుతది" అంది. వాడు తల ఎత్తకుండా తిన్నాడు.