లాస్య రాకెట్‌లో నిమ్మకాయ

దేశంగాని దేశంలో, హారిసన్‌లో ఉండే అచ్యుత్ గారమ్మాయి లాస్యకి రాకెట్ల పిచ్చి. మామూలు పిచ్చి కాదు, ముదిరి రోకలి తలకి చుట్టమనే రకం. విమానాలే సరిగ్గా ఎగరని రోజుల్లో, బరువు తగ్గితే రాకెట్ వేగం పెరుగుతుందని లెక్కగట్టిన ఓ చెవిటి బడిపంతులి ఫొటో గదిలో పెట్టుకుంది. వాళ్లమ్మ శేషుకుమారి ఆ గడ్డం చూసి, "ఎవరో పెద్దాయన, పోయాడు పాపం" అని బొట్టు పెట్టి దండేసింది.

యూనివర్సిటీలో నీటి రాకెట్ పరీక్ష. సీసాలో నీళ్లు పోసి, పంపుతో గాలి కొట్టి వదిలితే నలభై మీటర్లు నిటారుగా లేవాలి. పోయినేడు లాస్యది పల్టీలు కొట్టి లెక్చరర్ హెలెనా టోపీ మీద పడింది. ఈసారీ తప్పితే రాకెట్ చదువుకి నీళ్లొదులుకోవాల్సిందే. అందుకని బరువు తగ్గించడానికి సీసా మీది లేబుల్ గీకింది, రెక్కలు పల్చన చేసింది, వాలిన ఈగని కూడా తోలింది.

తీరా మైదానంలో తూస్తే అరవై గ్రాములు ఎక్కువ! రాకెట్ పైకొసనున్న అట్ట మూతి నొక్కి, వాసన చూసి, ఇంటికి ఫోన్ కొట్టింది.

"మామ్, రాకెట్‌లో లెమన్ ఏంటి?"

"కొత్త బండిని నిమ్మకాయ లేకుండా పంపుతారటే? దీనికి చక్రాల్లేవుగా, మూతిలో పెట్టా. ఊడదులే, గట్టిగా అతికించా."

పీకితే మూతి చిరుగుతుంది. ఈలోగా పేరు పిలిచారు. లాస్యకి ఏడుపొక్కటే తక్కువ.

అప్పటికే ముగ్గురివి పల్టీ కొట్టాయి. లాస్యది మాత్రం గీత గీసినట్టు నలభైమూడు మీటర్లు లేచింది.

"ముక్కు బరువుంటే తిన్నగా పోతుందని కనిపెట్టావన్నమాట," అంది హెలెనా.

తలూపితే గండం గట్టెక్కేది. ఆ పాడు తల ఊగితేగా!

"నేను కాదు. మా మామ్ లెమన్ పెట్టింది."

హెలెనా నవ్వలేదు. "ఎందుకు పనిచేసిందో సోమవారానికి లెక్కగట్టి తీసుకురా. అప్పుడు పాస్."

శని, ఆదివారాలు లాస్య లెక్కలతో కుస్తీ పట్టింది. శేషుకుమారి వచ్చి పక్కన కూర్చుంది.

"ఇందులో నా నిమ్మకాయేదే?"

నిమ్మకాయ బరువుకి గుర్తుగా రాసిన ఒక అక్షరం చూపించింది లాస్య. శేషుకుమారి దానికి చక్కగా కుంకుమబొట్టు పెట్టింది.

తుడుద్దామని లాస్య టిష్యూ తీసింది. పోయినేటి పల్టీలు గుర్తొచ్చాయి. టిష్యూ జేబులో కుక్కేసి, సోమవారం ఆ కాగితాన్ని బొట్టుతోనే హెలెనాకి ఇచ్చొచ్చింది. పాసయింది.