పందిది వచ్చేదాక ఆగమన్నడు

సైదమ్మకు పన్నెండేండ్లున్నప్పుడు తల్లి పోయింది. ఎనిమిది నెలల తమ్ముడు గిరిని చంకనేసుకొని గొర్ల వెంట తిరిగింది. మేకపాలు పిండి, గుడ్డవత్తితో నోట్ల పోసి బతికించింది. వాడు నల్గొండల చదువుకొని, అక్కడ్నే సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకున్నడు. ఆమె కట్టంగూరు పక్క పల్లెల గోపయ్యను చేసుకొని మళ్లీ గొర్ల వెంటనే ఉండిపోయింది.

నలభై మూడేండ్లకు ఆమె కిడ్నీలు రెండూ చెడిపోయినయి. వారానికి మూడు దినాలు బస్సెక్కి నల్గొండ దవాఖానకు పోవాలె, మిషన్ మీద నాలుగు గంటలు రక్తం కడిగించుకోవాలె. ఇంట్లోవాళ్లు ఎవరన్న ఒక కిడ్నీ ఇస్తే మార్పిడి చేస్తమన్నడు డాక్టరు. గోపయ్యకు షుగరు, ఆయనది పనికిరాదన్నరు. గిరిది సరిపోయింది.

"నీకు గాక ఇంకెవరికిస్తనక్కా," అన్నడు గిరి. ఆపరేషన్ తారీఖు గూడ ఖాయమైంది.

ఇంకో పది రోజులుందనంగ వచ్చి ఫోన్ చూపించిండు. అమెరికాల ఒక మనిషికి పంది కిడ్నీ పెట్టిన వీడియో అది.

"చూసినవా? ఇందుకోసమే పందులను సాకుతున్నరంట. జర ఆగు, గది ఇక్కడికే వస్తది. మనిషిని కోసుడెందుకు?"

"ఎప్పుడొస్తదిరా?"

"వస్తది. ఫికర్ చెయ్యకు."

సైదమ్మ డాక్టరును అడిగింది. "అది ఇంకా పరీక్షల్లోనే ఉందమ్మా. మన దాకా ఎన్నేండ్లకొస్తదో తెల్వదు. నువ్వు అంతదాక ఆగలేవు. తమ్మున్ని తీసుకరా," అన్నడు.

ఆ మాట చెబుదామని దుకాణానికి పోయింది. గిరి కుర్చీ ఏసిండు, చాయ్ తెప్పించిండు. అంతా విని మెల్లగ అన్నడు.

"చేతులల్ల పెంచినవ్. నాకేమన్నయితే నీ పానం ఊకుంటదా?"

ఆమె చాయ్ గ్లాసు దిక్కు చూసింది. "ఊకోదు," అని బస్సెక్కింది.

అప్పటినుంచి వారం వారం వీడియోలు పంపిండు. ఒకదాంట్ల పంది కిడ్నీ మంచిగ పనిచేస్తాంది. ఇంకోదాంట్ల తీసేసిన్రు. ఆమె రెండూ చూసింది. ఏడాది దాటినంక, రక్తం కడిగేందుకు సూదులు గుచ్చే చేతి నరం మూసుకపోయింది. మెడల గొట్టమేస్తే చీము పట్టింది, జ్వరం దిగలే. ఇంటికి తీస్కపొమ్మన్నరు.

చుట్టాలొచ్చి మంచం చుట్టూ కూసున్నరు. కాళ్ల దగ్గర గిరి ఏడుస్తున్నడు. మేనమామ లింగయ్యతో చెప్తున్నడు.

"ఇంకో రెండేండ్లు ఓర్చుకుంటే అయిపోతుండె మామా. మా అక్కకు ఎప్పుడూ తొందరే."

కండ్లు మూసుకున్న సైదమ్మకు అంతా వినపడ్డది. గోపయ్య చెంచతో నీళ్లు పోస్తే కండ్లు తెరిచింది. గిరి ముందుకు వంగిండు.

"అక్కా, నన్ను గుర్తువట్టినవా?"

"గుర్తువట్టిన," అన్నది.

ఆ తర్వాత నీళ్లు గూడ మింగలే.