ఓర్వలేనివాడి వాంగ్మూలం

దాచడమెందుకు, మా చిన్నాన్న కొడుక్కి మిలిటరీలో ఉద్యోగం వచ్చినప్పుడు నాకు కడుపు మండింది. సంతోషపడినట్టు నటించాను, వాడి భుజం తట్టాను, చిన్నమ్మ పెట్టిన మైసూరుపాకు నోట్లో వేసుకున్నాను. అది గొంతు దిగితే ఒట్టు. మిలిటరీ అనే మాట మా రెండిళ్లలోనూ మొదట పలికింది నేను.

వాడు నాకంటే ఏడాదిన్నర చిన్న. చిత్తూరు పోయే దారిలో ఒకే గోడకు అటు వాళ్లిల్లు, ఇటు మాయిల్లు. ఇంటర్ అయినప్పటినుంచి నేను పొద్దున్నే లేచి కొత్త బైపాసు పక్కనున్న మట్టిదారిలో పరిగెత్తేవాణ్ణి. ఒక్కడివే పోతే కుక్కలు తరుముతాయి, వాణ్ణి కూడా పిలుచుకుపో అని మా అమ్మే చెప్పింది. కుక్కలకు భయపడి తోడు తీసుకుపోతే మూడు నెలల్లో వాడు నన్ను దాటేశాడు. మామిడికొమ్మకు వేలాడి నేను గడ్డాన్ని ఆరుసార్లు పైకి తెస్తే వాడు పదిసార్లు తెచ్చేవాడు. అంతటితో ఊరుకుంటాడా, "కాళ్లు ఊపాకు అన్నా, బలమంతా ఆడనే పోతాది" అని నాకే పాఠం చెప్పేవాడు. చిన్నమ్మ వాడికి రోజూ రెండు గుడ్లు ఉడకబెట్టి పెట్టేది. నాకు రాగిసంగటీ, ఊరిబిండి పచ్చడీ. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ గుడ్లను చూసి కూడా నేను కుళ్లుకున్నాను.

ఇద్దరం ఆన్‌లైన్ పరీక్ష రాశాం, ఇద్దరం పాసయ్యాం. ఇక మిగిలింది పరుగు. గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు, ఐదున్నర నిమిషాల్లో. నా వయసుకు అదే ఆఖరి అవకాశం, ఆ ఏడు దాటితే ఇక అప్లికేషన్ కూడా తీసుకోరు. వాడికైతే ఇంకో ఏడాది ఉంది. అది తలుచుకుని మా అమ్మకు నిద్ర పట్టలేదు. కొడుక్కి ఉద్యోగం వస్తే అలిపిరి నుంచి కొండపైదాకా మెట్టు మెట్టుకూ పసుపూ కుంకుమా పెట్టిస్తానని ఏడుకొండలవాడికి మొక్కుకుంది.

ఎవరైనా పని జరిగాక మొక్కు తీరుస్తారు. మా అమ్మ తీరే వేరు.

"స్వామికీ మొగమాటం ఉంటాదిరా. మనం ముందే తీర్చేసినామంటే ఇంక కాదనలేడు" అంది.

పరుగు ఎల్లుండనగా ఈ మాట. వద్దనాల్సింది నేను. అనలేదు, నాకూ ఆశే కదా. అమ్మ వాణ్ణి కూడా రమ్మంది. వాడు నవ్వి, "నాకు ఉద్యోగమొస్తే గుండు కొట్టించుకుంటాలే పెద్దమ్మా" అన్నాడు. మిలిటరీలో చేరితే ఎటూ జుట్టు తీసేస్తారు. దేవుడికి కూడా ఎలాగూ పోయేదాన్నే ఇస్తానన్నాడు, అంత గడుసువాడు.

మర్నాడే ఎక్కాం, మూడున్నర వేల పైచిలుకు మెట్లు. ప్రతి మెట్టుకూ వంగడం, పసుపు రాయడం, కుంకుమ పెట్టడం, లేవడం. గాలిగోపురం చేరేసరికి నడుము నాది కాదు. మోకాళ్ల పర్వతం దగ్గర నేను మెట్టు మీద చతికిలబడితే, పక్కన కూర్చున్న అరవ ముసలమ్మ "పావం" అని నా చేతిలో మజ్జిగ ప్యాకెట్టు పెట్టింది. అమ్మ మాత్రం గోవిందలు చెబుతూ నా వెనకే సంతోషంగా ఎక్కింది.

ఎల్లుండి రానే వచ్చింది. విజిల్ వేశారు. మొదటి రౌండు బాగానే పరిగెత్తాను. రెండో రౌండులో తొడలు బిగుసుకున్నాయి. మూడో రౌండులో వాడు నా పక్కనుంచి దూసుకుపోతూ "రా అన్నా, రా" అన్నాడు. ఆ మాటకన్నా బూతులు తిట్టినా బాగుండేది. నేను నాలుగో రౌండు చివరికి వచ్చేసరికి టైమైపోయి, ఇద్దరు జవాన్లు అడ్డంగా తాడు పట్టేశారు. తాడుకు అవతల వాడు చేతి మీద ముద్ర వేయించుకుంటున్నాడు. ఇవతల నేను ఆయాసంతో వంగి నిలబడ్డాను. ఇంటికొచ్చాక "స్వామి మనకు పరీక్ష పెడతా ఉండాడు నాయనా" అంది అమ్మ. "పరీక్ష పెట్టింది నువ్వమ్మా" అన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, నేను ఓదార్చలేదు.

ఆ తర్వాత వాడి రోజులు. మెడికల్‌లో పాసయ్యాడు, లిస్టులో పేరొచ్చింది. ఊరి మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. మధ్యలో నిలువెత్తున వాడు, కింద శుభాకాంక్షలు చెప్పేవాళ్ల వరసలో ఏడో బొమ్మ నాది. నన్ను అడక్కుండా నా హాల్‌టికెట్టు ఫొటోనే వేశారు. టీకొట్టు దగ్గర ఒక పెద్దాయన నా ముందే, "ఎవురి తోడూ లేకుండా ఒక్కడే పరిగెత్తి సాధించినాడప్పా, సూసి నేర్సుకోండి" అన్నాడు. ఒక్కడేనట. మరి రోజూ పొద్దున వాడి కిటికీ తట్టి లేపింది ఎవరు? నక్కతోక తొక్కినవాడికి ఊరంతా చుట్టమే. మా అమ్మ కూడా పాలకేంద్రం దగ్గర "మా పిల్లోడు మిలిటరీ" అని చెప్పుకోవడం నా చెవులారా విన్నాను.

వాడు చేరే ముందు పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది. పిల్లవాడి నడవడి ఎలాంటిదో ఇరుగుపొరుగును అడిగి రాసుకుపోతారు. కానిస్టేబుల్ వచ్చిన రోజున వాడు మొక్కిన గుండు కొట్టించుకోవడానికి తల్లిదండ్రులతో కొండకు పోయాడు. బస్సులోనే లెండి. పక్కింట్లో దొరికింది నేను. ఆయన మా తిన్నె మీద కూర్చుని ఫైలు విప్పాడు.

"ఎట్టాంటోడప్పా పిల్లోడు?"

"మంచోడే సార్" అన్నాను. ఆ 'డే' కొంచెం సాగింది, కావాలనే సాగదీశాను.

ఆయన తలెత్తాడు. "రెండేళ్ల కిందట మీ గంగజాతరలో ఎవురికో తల పగలగొట్టినాడంట కదా. స్టేషన్ దాకా వచ్చి రాజీ అయినారంట. నిజమైతే నేను రాయాల. రాస్తే ఇంక ఉద్యోగం గోవిందా."

కొట్లాట నిజమే. పలక డప్పులు కొట్టేవాళ్ల ముందు ఎగిరేటప్పుడు పక్కవీధివాడొకడు నన్ను తోశాడు. నేను కర్ర తీసుకుని ఒక్కటిచ్చాను. వాడి తలకు నాలుగు కుట్లు పడ్డాయి. మా చిన్నాన్న కొడుకు విడిపించడానికి అడ్డం వచ్చాడు, చొక్కా నిండా రక్తమైంది. ఆ చొక్కా చూసి కొట్టింది వాడేనని అందరూ అనుకున్నారు. వాడూ కాదనలేదు, నేనూ అవుననలేదు.

ఇప్పుడు నేను నోరు మూసుకుంటే చాలు. అబద్ధం కూడా చెప్పక్కర్లేదు. పైగా అప్పటికే నేను కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్నాను, రేపు నా వెరిఫికేషన్‌కూ ఇదే స్టేషన్ నుంచి వస్తారు. ఆయన పెన్ను మూత తీసేదాకా నేను నిజంగానే మాట్లాడలేదు. అది నా గొప్పతనమేమీ కాదు గనుక చెబుతున్నాను.

ఆయన నవ్వాడు. "ఒక్క దెబ్బకే మనిషి కింద పడినాడంట. ఏమి దెబ్బప్పా అది. మిలిటరీకి పోయేవాడంటే ఆ మాత్రం ఉండాలిలే" అన్నాడు, మెచ్చుకోలుగా.

నా ఒళ్లు మండిపోయింది.

"ఆ దెబ్బ నాది సార్" అన్నాను.

"ఏమంటివి?"

"కొట్టింది నేను. వాడు ఊరికే ఇడిపించేదానికి వచ్చినాడు. వానికి కర్ర పట్టేది కూడా రాదు." లేచి నిలబడి, ఎలా తిప్పి కొట్టానో చేత్తో చూపించాను కూడా.

ఆయన పెన్ను పైకెత్తాడు. "నువ్వేం చేస్తా ఉండావు?" అని అడిగాడు. చెప్పాను. పెన్ను కాగితం మీద ఆపి, "మరి నీ పేరు రాయమంటావా? బాగా ఆలోసించుకో" అన్నాడు.

"రాయండి సార్" అన్నాను. రాశాడు. కింద సంతకం పెట్టాను.

సాయంత్రం వాడు గుండుతో దిగి, లడ్డు నా చేతిలో పెట్టి, "ఎవురన్నా వచ్చినారా అన్నా?" అని అడిగాడు. వచ్చి పోయినారు, ఏం ఇబ్బంది లేదన్నాను. వాడు నెలలోపే ట్రైనింగుకు రైలెక్కాడు. నేను పోలీసు కాలేదు.

ఈ సంగతి తెలిసిన ఒకరిద్దరు, తమ్ముడి కోసం ఎంత త్యాగం చేశావయ్యా అంటారు. నేను తల దించుకుంటాను, వినయం అనుకుంటారు. పరుగు వాడిదైంది, ఊరు వాడిదైంది, మా అమ్మ గొప్పగా చెప్పుకునే కొడుకు కూడా వాడే అయ్యాడు. నా జన్మకు నేను సరిగ్గా కొట్టింది ఆ ఒక్క దెబ్బ. అది కూడా వాడిదే అంటుంటే ఓర్చుకోలేకపోయాను, అంతే.