వసుంధర గారు వద్దన్న శాలువా

ఆదివారం ఉదయం వసుంధర గారు కన్నుమూశారని ఫోను వచ్చినప్పుడు నేను నమ్మలేదు. మొన్న బుధవారమే బెంగళూరు పక్కనున్న సర్జాపుర తోటలకు కొత్త తేనెపెట్టెలు సిద్ధం చేయాలని ఇద్దరం మాట్లాడుకున్నాం. ఇంతలోనే గుండె ఆగిపోయిందట. శిష్యుడిగా, ఆపై సహోద్యోగిగా ఆమె సన్నిధిలో మెలిగిన నాకు ఈ వియోగం అశనిపాతమైంది.

తేనెటీగల శాస్త్రజ్ఞురాలైన ఆమె బెంగళూరు పేటలో బట్టల కొట్టు నడిపే పాత తెలుగు కుటుంబపు ఆడపడుచు. తొంభైల్లో సర్జాపుర చుట్టుపక్కల ప్లాస్టిక్ కప్పు వేసి చుట్టూ వల కట్టిన పాలీహౌసులు లేచినప్పుడు, తేనెటీగ దూరే దారి లేక లోపలి ఖర్బూజా పూలు పిందె కట్టకుండానే రాలిపోయేవి. ఆమె తేనెపెట్టెను లోపలే పెట్టించారు. ఈగలు వెలుతురు వైపు ఎగిరి, ప్లాస్టిక్ కప్పుకు కొట్టుకొని చచ్చిపోయాయి.

"ఇదేం పాపమమ్మా! అన్నీ సస్తా ఉండాయి" అన్నాడు రైతు మునిరాజప్ప.

"పాపం నాదే అప్పా" అంటూ ఆమె ఆ ఈగలను కొంగులోకి ఏరుకున్నారు. తర్వాత, అప్పుడే తేనెపట్టు అరల్లోంచి బయటికి వచ్చిన, ఆకాశం ఎరగని పిల్ల ఈగలతో మరో పెట్టె సిద్ధం చేశారు. అవి ఆ కప్పు కిందే కుదురుకున్నాయి. తీగల నిండా కాయ దిగింది.

ఆ విజయం ఆమెను ఒక సాహసానికి పురికొల్పింది. రాణి ఈగ ఆరుబయట ఎగురుతూ జతకడుతుంది. ఏ మగ ఈగలతోనో మన చేతిలో ఉండదు. పాలీహౌసులోనే జతకట్టిస్తే సాధుస్వభావం గల సంతతిని ఎంచి వృద్ధి చేయవచ్చునని ఆమె ఆశ. ఒకనాడు లోపలి రాణి జతకట్టిన ఆనవాళ్లతో పెట్టెకు తిరిగొచ్చి గుడ్లు పెట్టింది. మా ఆనందానికి అవధుల్లేవు. మా పరిశోధన కేంద్రంలో సన్మానం ఏర్పాటైంది. ఆమె మాట నమ్మి మునిరాజప్ప రాణుల కోసం ఇంకో పాలీహౌసు కట్టాడు.

సన్మానం నాటి ఉదయం, కప్పూ వలా కలిసే చోట చినుగు కనబడింది. మేం చూస్తుండగానే ఒక కన్నె రాణి అందులోంచి బయటికి ఎగిరిపోయింది.

"ఈ ఒక్కరోజు ఊరుకోండి మేడం, తర్వాత చెబుదాం" అన్నారు మా పై అధికారి.

సాయంత్రం సభలో, శాలువా కప్పబోయిన చేతులను ఆమె ఆపారు. "నా రాణి చినుగులోంచి బయటికి పోయి జతకట్టి వచ్చింది. సరిగ్గా చూసుకోకుండా గొప్పలు చెప్పుకున్నాను. సిగ్గుగా ఉండాది" అన్నారు. సభలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆమె కోసం కొట్టు మూసి వచ్చిన తండ్రి ముందు వరుసలో తలవంచుకొని కూర్చున్నారు.

"నలుగురిలో తల కొట్టేసినట్టాయె గదమ్మా" అన్నారాయన, బయటికి వచ్చాక.

"అవును నాయనా" అని మాత్రం ఆమె అన్నారు.

మర్నాడు ఆమె మునిరాజప్ప ఇంటికి వెళ్లారు. ఆయన కూర్చోమనలేదు. ఆమె గడప బయటే నిలబడి క్షమాపణ చెప్పుకున్నారు. ఆ తర్వాత సభలకు పిలుపులు ఆగిపోయాయి. తోటివారు ఎదురుపడితే తప్పుకునేవారు. ఆమె మాత్రం ఆ అవమానాన్ని కొత్త విద్యార్థులకు మొదటి పాఠంగా చెప్పేవారు. "ఫలితం చూసి మురిసేముందు చుట్టూ వల తడిమి చూడండి" అనేవారు.

రెండు పంటలు గడిచాక మునిరాజప్పే ఫోను చేశాడు. "రాణుల సంగతి వదిలేయమ్మా. పూలకి ఈగలు కావల్ల, పెట్టె తీసుకొని రా." ఆనాటి నుంచి ఏ పూతకూ ఆమె వెళ్లకుండా ఉండలేదు.

నిన్న ఆయనకు దుర్వార్త నేనే చెప్పాను. "పూలు విచ్చుకొని ఉండాయప్పా. ఇంక ఎవర్ని పిలిచేది?" అన్నాడు.

నన్ను పిలవమనడానికి నోరు రాలేదు. ఆ సత్యనిష్ఠ ముందు నిలబడే అర్హత నాకింకా రాలేదు. ఆమె పాదాలకు నమస్కరించడం ఒక్కటే ఈ పూట నాకు చేతనైనది.